నీళ్లు ఆపిన మొక్కలు

"ఈషాన్‌కి దొరికేసిందటమ్మా," అన్నాడు ప్రొఫెసర్ వెంకటస్వామి, కమలాపండు తొక్క తీస్తూ. "మరి నీ సంగతేంటి?"

సంహిత తలెత్తి చూసింది. దొరకాల్సింది ఒక జీన్. నీళ్లు అందనప్పుడు జొన్నమొక్క ప్రాణం నిలుపుకోవడానికి తన లోపల ఏదో ఒక జీన్‌ని స్విచ్ వేసినట్టు వేస్తుంది. అదేదో కంప్యూటర్‌తో వెతికి పట్టుకోవాలి. గ్రీన్‌హౌస్‌లో పెంచిన మొక్కల్లో సగానికి నీళ్లు ఆపామనీ, సగానికి పోశామనీ చెప్పి, ఏ మొక్కలో ఏ జీన్ ఎంత గట్టిగా పనిచేస్తోందో తెలిపే డేటాని ఆమెకూ ఈషాన్‌కూ ఇచ్చాడు ప్రొఫెసర్. ఇద్దరూ ఆయన ల్యాబ్‌లో సహాయకులే. పీహెచ్‌డీ సీటు మాత్రం ఒక్కటే ఉంది.

ఈషాన్ ఈ దేశంలోనే, శాన్ రామన్‌లో పుట్టి పెరిగినవాడు. ఈ టెక్సాస్ ల్యాబ్ కాకపోతే ఇంకో రాష్ట్రంలో ఇంకో ల్యాబ్ చూసుకుంటాడు. సంహిత ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చింది, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ గడువు కూడా చివరికొచ్చింది. సీటు రాకపోతే ఇర్వింగ్‌లో తానుంటున్న అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇంటికి విమానం ఎక్కడమే. పైగా వాడి అమ్మా, ప్రొఫెసర్ భార్యా పాత స్నేహితులు. వాడు నోరుజారి ఆయన్ని అంకుల్ అన్నప్పుడల్లా సంహితకు ఒళ్లు మండేది.

"ఇప్పటిదాకా తేడా ఏమీ కనిపించలేదు సార్," అంది నిజాయితీగా.

"కనిపించకపోవడమేంటమ్మా? కష్టపడితే కనిపిస్తుంది," అంటూ రెండు తొనలు తీసి ఆమె చేతిలో పెట్టాడాయన. తండ్రిలాంటి మనిషి అనుకుంది సంహిత.

ఆ రోజునుంచి కష్టపడింది. మొదటి పద్ధతిలో ఏమీ తేలకపోతే రెండోది పట్టుకుంది, అదీ కుదరకపోతే మూడోది. నీళ్లు ఆపిన మొక్కలకూ పోసిన మొక్కలకూ ఏ మాత్రం తేడా లేదు, ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏ పని చేస్తున్నా ఆమెకు ఈషాన్ మొహమే కళ్లముందు ఆడేది. వాడికి కనిపించింది తనకెందుకు కనిపించదు? తన చదువే తక్కువేమో అని ఏడుపొచ్చింది.

అలాంటప్పుడు ఈషాన్ లంచ్ బాక్సుతో పక్కన చేరాడు. "సంహితా, నీకు ఏమైనా దొరికిందా? నాకు అంతా నాయిస్‌లాగే ఉంది, ఏ ప్యాటర్నూ లేదు. ఆ ప్లాంట్స్ ఎలా గ్రో చేశారో ప్రొఫెసర్‌ని అడుగుదామా?"

దొరికి కూడా ఎంత బాగా నటిస్తున్నాడు అనుకుంది. తన దగ్గరున్నది లాగడానికే వచ్చాడని ఆమెకు అనుమానం లేదు. నిజానికి ఆ మొక్కల మొహం ఇద్దరూ ఎన్నడూ చూడలేదు. ఈ పని చేసేవాళ్లకు మొక్కంటే తెర మీద అంకెల నిలువు వరస ఒకటి, అంతే.

"నాకెప్పుడో దొరికింది," అంది సంహిత. "పెద్దాయన్ని అలా అడిగితే అనుమానిస్తున్నామనుకుంటారు. ఊరుకో."

వాడు సగం తిని బాక్సు మూసేశాడు. ఆ సాయంత్రమే ఆమె ప్రొఫెసర్ గదికి వెళ్లి, ఈషాన్ మీ ప్రయోగాన్నే తప్పు పడుతున్నాడు సార్ అని మెల్లగా చేరవేసింది. చెప్పాక కాస్త సిగ్గేసింది కానీ, వీసా ముందు సిగ్గెంత? ఆయన "అలాగా" అని నవ్వాడు.

ఆ తర్వాత దారి దానంతటదే దొరికింది. నీళ్లు ఆపిన మొక్కల్లో ఒకటి ఏ తేడా చూపకుండా మరీ మొండిగా ఉంటే, శాంపిల్ చెడిపోయి ఉంటుందిలే అని తీసేసింది. దాని పక్కదాన్నీ తీసేసింది. పోసినవాటిలోంచీ ఒకటి ఎగరగొట్టింది. లెక్క సరిచూసే కొలతను కొంచెం వదులు చేసింది. అప్పుడు వేలాది జీన్లలోంచి ఒక్కటి నిటారుగా లేచి నిలబడింది. దాన్ని చూస్తూ సంహిత నిజంగానే ఆనందంతో ఏడ్చింది. మర్నాటికల్లా మొదటినుంచీ అది అక్కడే ఉందనీ, తనకే చూడటం రాలేదనీ నమ్మేసింది కూడా.

మీటింగ్‌లో ముందు ఈషాన్‌ని మాట్లాడమన్నాడు ప్రొఫెసర్.

"నాకు ఏం దొరకలేదు ప్రొఫెసర్. అన్ని టూల్స్ ట్రై చేశాను. సారీ."

సంహిత తెల్లబోయింది. మరుక్షణం అర్థమైంది: తనలో పట్టుదల పుట్టించడానికే సార్ అలా చెప్పి ఉంటారు. ఎంత పెద్ద మనసు! ఆమె లేచి తన గ్రాఫ్ చూపించింది. ఎర్రగీత ఒకటి ఆకాశానికి ఎగబాకుతోంది. ఈ జీన్‌ని పట్టుకుంటే కరువు నేలలో కూడా జొన్న పండుతుందని చెప్పింది. ఆ గొంతు తనదేనా అని తనకే ఆశ్చర్యమేసింది. ఈషాన్ తల దించుకున్నాడు.

"మొక్కలు ఏమైనా వదిలేశావా?" అడిగాడు ప్రొఫెసర్.

"లేదు సార్. అన్నీ ఉన్నాయి."

"నీళ్లు ఆపినందుకే ఈ జీన్ లేచిందంటావు?"

"నూటికి నూరుపాళ్లు."

"రేపు రీసెర్చ్ పేపర్ మీద నీ పేరు వేసి, కింద సంతకం పెట్టమంటే?"

"ఇప్పుడే పెడతాను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ సీటు తనదైపోయిందని సంహితకు అర్థమైంది. ఈషాన్ వైపు జాలిగా చూసింది. ప్రొఫెసర్ ఆమెకేసి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు.

"ఆ మొక్కలన్నిటికీ రోజూ నేనే నీళ్లు పోశానమ్మా," అన్నాడు.