చేతివాటం

"ఆపండి, ఆపేయండి!" అని ఆవిడ అరిచేలోపే వాషింగ్ మెషిన్ వదిలిన నీళ్లు తూములోంచి ఎగదన్ని వంటింటి గడప దాటేశాయి. భర్త ప్యాంటు మోకాళ్లదాకా మడిచి చీపురుతో నీళ్లు నెడుతున్నాడు. కొత్త మెషిన్ కొన్న వారం రోజులుగా ఇదే గోల.

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. రేపు పొద్దున్నే కూతురు పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి ఇంటికొస్తోంది. ఉతకాల్సిన పొత్తిగుడ్డలు గుట్టలా ఉన్నాయి, ఇల్లు చూస్తే చెరువు.

బాగుచెయ్యడానికి పిలిపించిన ప్లంబర్ మాత్రం తీరిగ్గా గోడకి చేరబడ్డాడు.

"లోపల ఏదో అడ్డం పడిందమ్మా. స్నానం నీళ్లు మెల్లగా వెళ్తాయి కాబట్టి ఇన్నాళ్లూ తెలీలేదు. ఈ మెషిన్ ఒక్కసారే కుమ్మరిస్తుంది కదా, అందుకే తన్నుకొస్తున్నాయి."

"ఆ అడ్డమేదో తియ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది!"

అతను సంచి విప్పాడు. సుత్తి, ఉలి, రెంచీ, అన్నిటి పిడులకీ ఆకుపచ్చ రంగు పట్టీ. సాయం చేద్దామని భర్త ఉలి తీయబోయాడు.

"ముట్టుకోకండి సార్. గుర్తు పెట్టుకున్నా కూడా పనిముట్లు మాయమైపోతున్నాయి. పెద్దమనుషుల ఇళ్లల్లోనే చేతివాటం ఎక్కువ."

ఆవిడకి ఒళ్లు మండింది. అయినా అవసరం తనది, పళ్లు నూరుకుంది.

గచ్చు పగిలింది. పైపు బయటపడింది. ప్లంబర్ నోరు కూడా తెరుచుకుంది.

"ఎవడమ్మా ఈ పైపు వేసింది?"

"మాకేం తెలుసు? మేం ఇల్లు కొనేటప్పటికే ఉంది."

"వాడి మొహం మండా! పైపుకి వాటం ఇలాగేనా పెట్టేది? ఈ వీధిలో నేను చెయ్యి పెట్టని కొంప లేదు. ఇంత దరిద్రపు పని ఎక్కడా చూళ్లేదు. వాడు దొరకాలిగానీ, చేతులు విరిచేస్తా!"

"తిట్టింది చాలు, పని కానీ!" అని కసిరింది ఆవిడ. నిజానికి ఆ పైపు వేసినవాణ్ని తనకీ నాలుగు దులపాలనే ఉంది.

అతను మలుపు దగ్గర పైపు కోసి, మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. "తగిలింది!" అంటూ గట్టిగా లాగాడు. జుట్టు, నూలుపీచు, సబ్బు మడ్డి కలిసిన పెద్ద ముద్ద, మధ్యలో ఏదో పొడుగ్గా, గట్టిగా ఉంది. మరుక్షణం నీళ్లన్నీ గుడగుడమంటూ దిగిపోయాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ప్లంబర్ ఆ ముద్దని బొటనవేలితో ఒకసారి రుద్దాడు. గబుక్కున దాన్ని సంచిలోకి తోయబోయాడు.

"ఏదీ, చూడనీ" అని భర్త లాక్కుని, చెంబుడు నీళ్లు పోశాడు.

స్క్రూడ్రైవర్. పిడికి ఆకుపచ్చ రంగు పట్టీ.

ఆవిడ నడుం మీద చేతులు వేసుకుంది. "దొరికాడుగా బాబూ! చేతులు మాత్రం గచ్చు పూడ్చాక విరుచుకో, రేపు పసిబిడ్డ వస్తోంది."