గుడ్లగూబ కంట్లో తగువు

గుడ్లగూబ కంట్లో వెలుగును పట్టే కణం ఒకటి, దాని వెనకాలే నల్లకణం ఒకటి కాపురముండేవి. తెల్లారేసరికి వెలుగుకణం తన అరిగిపోయిన కొసలు విడిచేసేది. నల్లకణం వాటిని తిని, అరిగించుకుని, అందులోని సారం మళ్ళీ దానికే ఇచ్చేది.

ఒకనాడు వెలుగుకణం తన మెరుపు చూసుకుని మురిసిపోతూ నల్లకణాన్ని ఈసడించుకుంది. "ఛీ, చెత్త తినేదానివి! నన్ను ముట్టుకోకు."

"అలాగే," అని నల్లకణం నోరు కట్టేసుకుంది.

విడిచిన కొసలన్నీ పేరుకుపోయి చూపు మసకబారింది. గుడ్లగూబ ఎలకనుకుని ముళ్ళకంప మీద దూకింది.

"అక్కా, కొంచెం తినవూ!" అని ఏడ్చింది వెలుగుకణం.

నల్లకణం మండిపడింది. "ఇప్పుడు అక్కనయ్యానా? తింటాలే, కన్ను పోతే ఇద్దరం పోతాం. కానీ ఒకటి విను. నువ్వు చూసుకుని మురిసిపోయే ఆ మెరుపుంది చూశావూ, అదంతా నా ఎంగిలే!"