వేడి దవ

అంజవ్వ అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోయి, మళ్లీ కంచంలోనే పెట్టేసింది.

ఎదురుగా కూర్చున్న అత్త హన్మవ్వ కంచం మళ్లీ ఆమె దగ్గరికి జరిపింది. కోడలని పేరే గానీ, ఆడపిల్లలు లేని హన్మవ్వకు అంజవ్వే బిడ్డ. మోర్తాడ్‌లో అంజవ్వ తల్లి పోయిందని కబురొస్తే బండి కట్టుకుని పోయారు. పోయేసరికే కాటికి తీసుకుపోయారు. అంజవ్వకు తల్లి మొహం కూడా దక్కలేదు.

అప్పటినుంచి ఆ పిల్ల గోడకానుకుని కూర్చుంది. మాట లేదు, కంట నీటి చుక్క లేదు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"గిట్లయితే పిల్ల దక్కది," అని హన్మవ్వ కొడుకు రాజలింగుతో బండి కట్టించి, ఎడపల్లి నుంచి బోధన్ తీసుకుపోయింది. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఇటుక బండ్లను తప్పుకుని హకీం ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

హకీం సాబ్ ముసలాయన. అంజవ్వ మణికట్టు మీద వేళ్లు వేసి, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"మనిషి ఒంట్ల నాలుగు రసాలుంటయి అవ్వా," అన్నాడు. "నెత్తురు, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం. దుఃఖం లోపల్నే ఉండిపోతే నల్లది గడ్డ కడ్తది. ఒళ్లు సల్లబడ్తది."

"రోగం ఒంటికా సాబ్, పాణానికా?"

"ఇల్లు సల్లబడితే ఇంట్లున్నోళ్లు వణుకరా? పాణం మూలకు ముడుసుకొని కూసున్నది. దానికి వేడి కావాలె."

"మిరియాల చారు పెడ్త!"

"చారుతోటి పోదు. మందు కావాలె. వేడి దవ నేనిస్త. ఇంకో మాట, ఇంట్ల ఎవ్వరు ఈమె మీద జాలి పడకుర్రి."

హన్మవ్వ చేతిలో ఓ సీసా పెట్టాడు.

జాలి పడొద్దంటే ఎట్లా? హన్మవ్వ మొహం పక్కకు తిప్పుకుని మరీ జాలి పడింది.

ఆ వారమే వాకిట్లోకి గాజులమ్మే తారాబాయి వచ్చింది. ఆ వాడలో ఎన్నడూ చూడని మనిషి. గొంతు మాత్రం వాడంతా వినపడింది.

"అగ బాయీ! గోడకు బొమ్మ గీసిన్రా, మనిషేనా?"

"మెల్లగ మాట్లాడు తల్లి. పిల్లకు పాణం బాగలేదు," హన్మవ్వ బతిమాలింది.

"ఏ ఊరి పిల్ల?"

"మోర్తాడ్."

"అరె! మోర్తాడోళ్లకు పసుపు పండిచ్చుడే వస్తది, వండుడు రాదంటరు గద!"

అంజవ్వ తలెత్తింది.

"ఎవలన్నరు?"

నెల్లాళ్ల తర్వాత విన్న గొంతు! హన్మవ్వ చేతిలో చేట జారిపోయింది.

"నేనంటున్న. కాదంటే వండి పెట్టు, మల్లొస్త," అని తారాబాయి మూటెత్తుకుంది.

ఆమె మళ్లీ వచ్చేసరికి అంజవ్వ పప్పుచారు కాచి ఉంచింది. గిన్నె తెచ్చి ముందు ఠక్కున పెట్టింది.

తారాబాయి ఒక్క బుక్క తిని మూతి ముడిచింది.

"ఉప్పేది?"

"ఉప్పు లేదా? నీ నాలికె మొద్దువారింది!"

"నువ్వు తిని సూడు మరి."

అంజవ్వ అన్నంలో పోసుకుని ఓ బుక్క తిన్నది. "ఉన్నది!" ఇంకో బుక్క తిన్నది. "సరిగ్గ ఉన్నది!" కోపంతోనే కంచం ఖాళీ చేసింది.

హన్మవ్వ లోపలికి పోయి సీసాకు దండం పెట్టింది. "ఏం దవ ఇచ్చిండు తండ్రీ!"

ఆపై తారాబాయి వచ్చినప్పుడల్లా కొట్లాటే. గాజుల రంగు వెలిసిందని అంజవ్వ, నీ చేతులే గాజులకు పనికిరావని ఆమె. అంజవ్వ బుగ్గల్లోకి నెత్తురొచ్చింది. ఓ రోజు మొగుణ్ణి కూడా కసిరింది. రాజలింగు సంబరపడిపోయాడు.

కానీ తారాబాయి నోటికి హద్దు లేదు.

"మీ అవ్వకు అంత తొందరేమొచ్చెనో!" అందొకనాడు. "సచ్చేటప్పుడు బిడ్డ వచ్చేదాక సుత ఆగలేదు."

అంజవ్వ దిగ్గున లేచింది.

"మా అవ్వ నా కోసం సూసింది!" అని అరిచింది. "నేనే అందలే... అవ్వా!"

హన్మవ్వ చీపురందుకుంది.

"నీ నోట్ల మన్ను వడ! తల్లి లేని పిల్లను అంటవా? మల్ల గీ గడప తొక్కితే కాళ్లిరగ్గొడ్త!"

దెబ్బ వీపు మీద పడ్డా తారాబాయి మారు మాట అనలేదు. గాజుల మూట ఎత్తుకుని పోయింది. మళ్లీ రాలేదు.

అంజవ్వ అత్త ఒడిలో పొద్దుగూకేదాకా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మర్నాడు చల్ల పోసుకుని జొన్న గటక తిని, చెరుకు తోటకు అందరికన్నా ముందు నడిచింది.

గానుగ ఆడగానే హన్మవ్వ కొత్త బెల్లం ముద్ద పట్టుకుని హకీం దగ్గరికి పోయింది.

"మీ సీస నా బిడ్డను నాకిచ్చింది సాబ్. నడుమల ఒక గయ్యాళి గాజులామె వచ్చి అంత ఖరాబ్ చేస్తుండె. సీపురు తిరగేసిన."

హకీం బెల్లం నోట్లో వేసుకోబోతూ ఆగాడు.

"పిల్ల ఏడ్సిందా?"

"కడువ వొలికినట్టు ఏడ్సింది."

"శుకర్. ఇగ భయం లేదు." ఆయన నవ్వాడు. "సీసల ఉన్నది ఉత్త గులాబ్ నీళ్లు, అవ్వా."

"మరి దవ?"

"నాందేడ్ పోయింది. ఆడొకామె గిట్లనే మాట బందు చేసింది."

హన్మవ్వకు ఏమీ అర్థం కాలేదు. హకీం అరుగు చివరికి చూపు తిప్పాడు.

"నువ్వు సీపురు తిరగేసినామెనే నేను పంపిన దవ. మీ వియ్యపురాల్ని తిట్టొచ్చిన నాడు గక్కడ కూసోని, నీ కోడలి కన్న ఎక్కువ ఏడ్సింది."