తక్కువైన పది మాత్రలు

"ముప్ఫై రోజుల మాత్రలు ఇరవై రోజులకే ఎలా అయిపోయాయి తాతా?"

నర్సు గొంతు ఆస్పత్రి వరండా చివరిదాకా వినిపించింది. క్యూలో ఉన్నవాళ్ళంతా మెడలు సాచి చూశారు. కౌంటర్ ముందు ఇస్త్రీ తాత నిలబడి ఉన్నాడు. చేతిలో బీపీ మాత్రల స్ట్రిప్పులు మూడు, మూడూ ఖాళీ.

"చెయ్యి జారి పడిపోయాయి తల్లీ."

"పోయిన నెల ఎలుకలు తినేశాయన్నావు. మీ ఇంట్లో ఎలుకలకి కూడా బీపీనా?"

క్యూ అంతా గొల్లుమంది. తాత కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె అంతటితో ఊరుకునే రకం కాదు. షుగర్ మాత్రలు చూపించమంది. తాత సంచీలోంచి తీసి ఇచ్చాడు. లెక్కపెడితే సరిగ్గా పది రోజులకి సరిపడా ఉన్నాయి.

"ఇవి చెయ్యి జారవు, వీటిని ఎలుకలు ముట్టవు. బీపీ మాత్రలకే వచ్చిందా ఆ తెగులు? నిజం చెప్పు, ఎవరికిస్తున్నావు? మామ్మకా?"

"దానికి బీపీ లేదు తల్లీ. దానివల్లే నాకొచ్చింది."

మళ్ళీ నవ్వులు. ఈసారి నర్సుకి ఒళ్ళు మండింది.

ఆమె చెడ్డ మనిషేం కాదు. నిజం చెప్పాలంటే అలాంటి నర్సు ఏ ఆస్పత్రికీ అంత తేలిగ్గా దొరకదు. మందు మానేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మరీ తిట్టి, దగ్గరుండి మింగించి వచ్చేది. ఆవిడ పుణ్యమా అని ఆ నాలుగు వీధుల్లో బీపీ, షుగరూ ఉన్నవాళ్ళంతా రోజూ వేళకి మాత్ర వేసుకోవడం నేర్చుకున్నారు. ఎవరి మాత్రలు వాళ్ళే వేసుకోవాలి, ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించాలి, నెల నిండాకే కొత్తవి. ఇదీ ఆమె పెట్టిన పద్ధతి. ఒకరి మందు ఇంకొకరు మింగితే ప్రాణం మీదకొస్తుందని ఆమె భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

"సరే, ఎవరికిస్తున్నావో వాళ్ళని తీసుకురా. పరీక్ష చేసి, వాళ్ళ మందులు వాళ్ళకి రాయిస్తాను."

తాత నేల చూపులు చూశాడు. "రానంటోంది తల్లీ."

"అంటే ఇస్తున్నావన్నమాటేగా! ఎవరావిడ?"

"చెప్పనని ఒట్టేశాను."

"అయితే రోజూ పొద్దున్నే ఆ ఒట్టే మింగు! పది రోజుల తర్వాత రా."

"పోనీ ఓ అయిదైనా ఇవ్వు తల్లీ. నా మట్టుకు నేను..."

"ఒక్కటి కూడా ఇవ్వను. అప్పుడుగానీ నీకు బుద్ధి రాదు."

తాత షుగర్ మాత్రలు సంచీలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆరో రోజు పొద్దున అతన్ని ఆటోలో తీసుకొచ్చారు. మూతి ఒక పక్కకి వెళ్ళిపోయింది. కుడి చెయ్యి వేలాడిపోతోంది. బీపీ చూస్తే రెండు వందల ఇరవై. డాక్టరు కేకేస్తేగానీ నర్సు కదల్లేకపోయింది. అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి పంపించేశారు.

డ్యూటీ దిగాక ఆమె ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా పెద్దాస్పత్రికి వెళ్ళింది. వార్డు బయట బల్ల మీద తాత భార్య కూర్చుని ఉంది.

"ప్రాణానికి భయం లేదన్నారమ్మా. చెయ్యే, మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఇస్త్రీ పెట్టె ఎడంచేత్తో ఏం లేపుతాడు?"

నర్సు ఆమె పక్కన కూలబడింది. "నావల్లే మామ్మా. అయిదు అడిగితే ఒక్కటీ ఇవ్వలేదు. అందరి ముందూ నవ్వులపాలు చేశాను. నా నోరు పడిపోనూ! నన్ను నాలుగు తిట్టు మామ్మా."

"తిట్టి ఏం చేసుకోను? నీ పద్ధతి నీది, ఆయన మొండితనం ఆయనది."

ఆ మాటకి నర్సుకి ఏడుపు ఆగలేదు. తుడుచుకున్నకొద్దీ కళ్ళు నిండుతూనే ఉన్నాయి. కానీ ఎవరైనా తమ మీద కోపాన్ని తామే ఎంతసేపని మోస్తారు? కాసేపటికి అది ఇంకొకళ్ళ మీదకి తిరిగింది.

"ఇంతకీ ఆ మాత్రలు ఎవరికిచ్చేవాడు?"

"బట్టలకి వెళ్ళే ఓ ఇంట్లో పెద్దావిడకమ్మా. తల తిరిగి గోడ పట్టుకుని నిలబడితే చూడలేకపోయాడు. రోజు విడిచి రోజు ఒక్కోటి ఇచ్చి వచ్చేవాడు. ఇంట్లో తెలియకూడదని ఒట్టు పెట్టించుకుంది."

"ఇంట్లోవాళ్ళకి కళ్ళు లేవా?"

"ఒకసారి చెప్పిందట. రేపు చూద్దాంలే అన్నారట. పనినుంచి అలిసిపోయి వస్తున్నారని మళ్ళీ అడగలేదట."

నర్సు దిగ్గున లేచింది. "రేపు చూస్తారా! ముసలావిడ గోడలు పట్టుకుని నడుస్తుంటే రేపు చూస్తారా! వాళ్ళూ మనుషులేనా? వాళ్ళ నిర్లక్ష్యానికి తాత చెయ్యి పోయింది. ఆ ఇల్లెక్కడో చెప్పు మామ్మా, ఇప్పుడే వెళ్ళి వాళ్ళందర్నీ కడిగి పారేస్తాను."

"వదిలెయ్యమ్మా."

"వదలను. ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి అడుగుతాను."

మామ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఒక్కొక్కళ్ళనీ అడగడానికి ఎవరున్నారమ్మా? మీ అమ్మగారికి నువ్వొక్కదానివేగా."