తారీఖు వేసిన చెయ్యి

డెస్మండ్ పెల్ తన తోలు సంచి సర్దుకుంటున్నాడు.

కాఫీ కప్పు, మఫ్లరు, ఆఫీసులో వేసుకునే పాత బూట్ల జత. అంతే.

ఎదుటి బల్ల దగ్గర టామ్సిన్ కంప్యూటర్ చూస్తున్నట్టు నటిస్తూ ఆయన్నే గమనిస్తోంది.

ఆమె ట్రైనీ. లండన్‌లోని ఆ లా ఫర్మ్‌కు సగం ప్రపంచంలో ఆఫీసులున్నాయి. అక్కడి ట్రైనీలు ఆరు నెలలకొక సీనియర్ గదిలో కూర్చుని పని నేర్చుకుంటారు. రెండేళ్లయ్యాక కొందరిని ఉంచుకుంటారు, మిగిలినవాళ్లను పంపేస్తారు. ఎవరిని ఉంచుకునేదీ వచ్చే సోమవారం తేలుతుంది.

ఆఖరి ఆరు నెలలకు టామ్సిన్‌కు పెల్ గది పడింది.

అది విని తోటి ట్రైనీలు నవ్వారు. జుట్టంతా నెరిసినా పెల్ ఫర్మ్‌లో వాటా ఉండే పార్టనర్ కాలేదు. రోజూ ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డు శాండ్‌విచ్ బల్ల దగ్గరే తింటాడు. గదంతా అదే వాసన.

"ఆ గదిలోకి పోయేముందు ముక్కు ఇంట్లో పెట్టి రా," అన్నాడు ఫీలిక్స్ అనే ట్రైనీ.

"ముక్కొక్కటేనా? ఉద్యోగం మీద ఆశ కూడా ఇంట్లోనే పెట్టి రావాలి. తనే పైకి ఎక్కలేనివాడు నన్నేం ఎక్కిస్తాడు?" అంది టామ్సిన్.

గుమ్మంలో నిలబడ్డ పెల్ ఆ మాట విన్నాడు. మర్నాటి నుంచి శాండ్‌విచ్ మెట్ల దగ్గర నిలబడి తిన్నాడు.

దానికీ నవ్వారు.

అసలు గొడవ మంగళవారం మొదలైంది.

ఫర్మ్ క్లయింట్ ఒకాయన టిల్‌బరీ రేవు దగ్గర గోదాము కొంటున్నాడు. రెండు వైపులా సంతకాలయ్యాయి. సంతకాలయినంత మాత్రాన అక్కడ తారీఖు వేయరు. ఇరువైపుల లాయర్లూ ఫోన్లో "ఇక కానివ్వండి" అనుకున్నాకే ఒప్పందం మీద కలంతో తారీఖు వేస్తారు. అప్పటి నుంచి లాభమైనా నష్టమైనా కొన్నవాడిదే.

"తారీఖు ఖాళీగా ఉంచు. నేను ఫోన్ చేసేదాకా కలం ముట్టుకోకు," అని చెప్పి పెల్ బ్యాంకు వాళ్లను కలవడానికి వెళ్లాడు.

సాయంత్రమైంది. ఫోన్ రాలేదు. ట్రైనీలంతా కింద పబ్‌కు బయల్దేరారు.

ముసలాయన నత్తనడకకు తన సాయంత్రం ఎందుకు పాడుచేసుకోవాలి అనుకుంది టామ్సిన్. ఎలాగూ ఇవాళే అయిపోతుందిలే అని మంగళవారం తారీఖు వేసింది. అవతలి లాయర్లకు ఒక ప్రతి పంపేసి, కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

"కానివ్వండి" అన్న మాట ఆ రోజు రానేలేదు. ఆ రాత్రే గోదాముకు నిప్పంటుకుని మొత్తం బూడిదైంది.

తారీఖు చూసుకోండి, కాలింది మీ గోదామే అన్నారు అమ్మినవాళ్లు.

ఆ తారీఖు ఎవరు వేశారని పై అంతస్తులో ఆరా మొదలైంది. పేరు బయటపడితే సోమవారం దాకా ఆగక్కర్లేదు, టామ్సిన్ కథ అక్కడితో సరి.

ఈ శుక్రవారం ఉదయం పెల్‌ను పైకి పిలిచారు. చాలాసేపటికి దిగి వచ్చాడు. వచ్చి సంచి తీశాడు.

తన పేరు చెప్పేసి, ఇక మొహం చూపించలేక పారిపోతున్నాడు అనుకుంది టామ్సిన్. పిరికి గొడ్డు.

"పెందరాళే వెళ్తున్నారే," అంది.

"అవును." జిప్పు వేసి, పడిందో లేదో మళ్లీ లాగి చూశాడు. "కిటికీ పక్క బల్లకు నువ్వు మారిపో. మూడు దాటితే ఎండ కళ్లలో కొడుతుంది. తెర దించుకో."

వెక్కిరిస్తున్నాడనుకుంది.

ఆ ఆఫీసులో ఉద్యోగం మానేసేవాళ్లు అందరికీ మెయిల్ పెడతారు, కేకు కోస్తారు, పబ్‌లో తలా ఒక గ్లాసు పోయిస్తారు. పెల్ ఇవేవీ చేయలేదు. మళ్లీ సోమవారం ఈ మొహమే చూడాలి కాబోలు అనుకుంది.

గుమ్మం దగ్గర ఆయన చెయ్యి చాచాడు.

ఆమె మోగని ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకుంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

కొద్దిసేపటికి పార్టనర్ హిలరీ క్రాస్‌వెల్ నుంచి కబురొచ్చింది.

టామ్సిన్ ముందు బాత్‌రూమ్‌కు వెళ్లింది. రెండు రోజులుగా తయారుచేసుకున్న అబద్ధాన్ని అద్దం ముందు ఇంకోసారి వల్లించుకుంది. బాగానే కుదిరింది.

పై గదిలో కూర్చోకముందే అప్పజెప్పేసింది.

"తారీఖు వేయమని డెస్మండే చెప్పారు. నేను వద్దన్నాను."

హిలరీ తలెత్తలేదు.

"తెలుసు. పొద్దున అతనూ అదే చెప్పాడు. ఆ అమ్మాయి వద్దంటున్నా నేనే పట్టుబట్టి వేయించానన్నాడు. ఇద్దరి మాటా సరిపోయింది."

టామ్సిన్ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వెందుకు బెంబేలు పడతావు? నీ ఉద్యోగం ఖాయం. ఇన్నేళ్లు చేసినవాడికి తెలియని సంగతా ఇది? ఇందుకే మేం అతన్ని పార్టనర్‌ను చేయలేదు."

నిజం చెప్పదలుచుకుంటే బోలెడు వ్యవధి దొరికింది. హిలరీ కాఫీ తాగింది. ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది. ఇంకేమైనా ఉందా అని కూడా అడిగింది.

"ఏం లేదు," అంది టామ్సిన్.

కిందికి వచ్చి కిటికీ పక్క బల్లకు మారింది.

మూడు దాటింది. ఎండ కళ్లలో కొట్టింది.

తెర దించుకుంది.

ఆమె చెప్పబోయే అబద్ధాన్ని ఆమెకంటే ముందే తన నోటితో చెప్పి, తన మెడకే తగిలించుకున్న డెస్మండ్ పెల్, మార్చి నెల ఆ ఆఖరి శుక్రవారం తర్వాత ఆ ఆఫీసుకు మళ్లీ రాలేదు.