పుల్లలు మోసిన కాకి

అడవి అంచున ఒక బొగ్గుల బట్టీ ఉండేది. ఒక మగకాకి రోజూ అక్కడ వాలి పొగను గుండెల నిండా పీల్చేది. దగ్గు ముదిరి గొంతు పూడిపోయింది. ఆడకాకి గుడ్లు పెట్టిన రోజున మగకాకి పొగ మానేసింది.

కాకుల్లో ఒక ఆచారం ఉంది. ఒంటరిగా కూర్చున్నవాణ్ణి పిలవకుండా ఏ కాకీ తినదు. పొగ మీదికి మనసు పోయి మగకాకి దిగులుగా కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు తిండికి పిలిచేవారు. అది కాదనేది కాదు. కొద్ది రోజులకే ఒళ్లు బరువెక్కింది.

"ఏం బావా, కాకివా, కోడివా?" అని గోరింక ఎగతాళి చేసింది.

ఒక ఉదయం మగకాకి గూటి పక్కన వాలగానే కొమ్మ కిందికి వంగింది. ఒక గుడ్డు అంచు దాకా దొర్లింది. ఆడకాకి రెక్క అడ్డం పెట్టి ఆపింది.

మగకాకి పక్క కొమ్మ మీదికి ఎగిరింది. "పొగ తాగిన రోజుల్లోనే తేలికగా ఉండేవాణ్ణి. మళ్లీ బట్టీ దగ్గరికే పోతాను."

"పొగ మానడం తప్పు కాదయ్యా," అంది ఆడకాకి. "నోరు ఊరుకోనన్నప్పుడల్లా దాంట్లో ముద్ద పెట్టావు, అదే తప్పు. ఆకలైతే తిను. పొగ గుర్తొస్తే మాత్రం ఓ పుల్ల తీసుకురా. గూటి గోడ పలచగా ఉంది."

మగకాకి చెరువు అవతలి తుమ్మల దాకా ఎగిరి పుల్ల తెచ్చింది. మళ్లీ వెళ్లింది. పిల్లలు బయటికొచ్చే నాటికి అది వాలితే కొమ్మ వంగడం లేదు.

"అమ్మా, మన గూడు అందరి గూళ్లకంటే ఇంత మందంగా ఉందేం?" అని పిల్లలు అడిగాయి.

తల్లి జవాబు చెప్పేలోగా బట్టీ వైపు నుంచి గాలి వీచింది. తండ్రికాకి కాసేపు అటే చూసి, ఇంకో పుల్ల కోసం ఎగిరిపోయింది.