గీతకు ఇవతల

హెడ్‌ఫోన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ధరణి దాన్ని చెవులకు ఇంకా గట్టిగా అదుముకుంది.

హెలికాప్టర్ మూడు గంటలుగా కెనడాలోని ఉత్తర అల్బర్టా అడవి మీద తిరుగుతోంది. కింద మంచు, నల్లటి చెట్లు, ఎప్పుడో ఆయిల్ కోసం చెట్లు కొట్టి వేసిన తిన్నని దారులు. ఇంకో పన్నెండు కిలోమీటర్లు పోతే అరవయ్యో అక్షాంశపు గీత. అక్కడితో అల్బర్టా అయిపోతుంది.

"గీత దాటేసిందేమో ధరణి గారూ," అన్నాడు పక్కన రిసీవర్ పట్టుకున్న ప్రణీత్. ఎడ్మంటన్‌లో చదువు ముగించి ఈ పనిలో చేరాక అతనికిదే మొదటి చలికాలం.

"దాటకూడదు. మన పర్మిట్ ఇక్కడివరకే. అవతల మనమేం చెయ్యలేం."

వాళ్ళు వెతుకుతున్నది ఒక ఆడ తోడేలును. దాని మెడకు రేడియో కాలర్ కట్టింది ధరణే. ఆమె కారిబూ జింకలను కాపాడే బయాలజిస్టు. నాలుగు వందలుండే మంద ముప్పై ఎనిమిదికి వచ్చింది. ఆ జింకల్లో దేనికీ ఆమె పేరు పెట్టలేదు. ఈ తోడేలుకు మాత్రం మల్లి అని పెట్టుకుంది.

మూడు చలికాలాల్లో మల్లి మూడుసార్లు తన గుంపును పోగొట్టుకుంది. మూడుసార్లూ మంచులో ఒంటరిగా వందల కిలోమీటర్లు నడిచి కొత్త తోడు వెతుక్కుంది. ఇప్పుడు పది రోజులుగా దాని జాడ లేదు.

"చచ్చిపోయి ఉంటే?"

"అలా అనకు ప్రణీత్." ధరణి కిందికే చూస్తోంది. "అది బతికుండాలి. లేకపోతే ఇన్నేళ్ళు చేసిందంతా మట్టిలో కలిసిపోతుంది."

పైలట్ ఫ్యూయల్ మీటరు వైపు వేలు చూపించాడు. ఇంకో ఇరవై నిమిషాలు, అంతే.

పదిహేడో నిమిషంలో హెడ్‌ఫోన్ టిక్‌మంది. మళ్ళీ టిక్.

గీతకు రెండు కిలోమీటర్లు ఇవతల, గడ్డకట్టిన చెరువు మీద మల్లి. ఒంటరిగా లేదు. దాని అడుగుల్లో అడుగులేస్తూ వెనక ఐదు తోడేళ్ళు. హెలికాప్టర్ చప్పుడుకు ఆ ఐదూ ఆగి తలెత్తి చూశాయి. మల్లి ఒక్కటే ప్రాణం అరచేత పట్టుకుని గీత వైపు పరుగు తీసింది.

"దొరికింది," అంది ధరణి, కళ్ళు తుడుచుకుంటూ. "దానికి తోడు దొరికింది."

ప్రణీత్ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"ఆ ఐదింటినీ కాల్చెయ్, కాలరున్నదాన్ని మాత్రం ఎప్పటిలాగే వదిలెయ్," అని వెనక సీట్లో తుపాకీ ఎత్తిన షూటర్‌కు ఇంగ్లీషులో చెప్పింది ధరణి, "జింకల్ని తినే ఇంకో గుంపు దగ్గరికి వచ్చే ఏడు మనల్ని తీసుకెళ్ళేది అదే."